చిన్న ల్యాప్‌టాప్ మీద ఫ్లెక్సులు, ఆల్బమ్‌లు, పెళ్లి వీడియోలు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇక్కడ చిన్న ల్యాప్‌టాప్ అంటే 13 లేదా 14 అంగుళాలది, ఒకటిన్నర కిలో అటూ ఇటూ బరువున్నది, విడిగా గ్రాఫిక్స్ కార్డు లేనిది. గేమింగ్ ల్యాప్‌టాప్‌ల గురించి ఇందులో లేదు. అవి కొనగలిగినవాళ్లకు ఈ తిప్పలు ఉండవు, బ్యాగు మోసే భుజం నొప్పి తప్ప.

దీని మీద నిజంగా పని అవుతుందా? అందరూ డెస్క్‌టాప్ కొనమంటున్నారు.

అవుతుంది. విజిటింగ్ కార్డులు, శుభలేఖలు, లోగోలు, యూట్యూబ్ థంబ్‌నెయిల్స్, ఫ్లెక్సులు, కరిజ్మా ఆల్బమ్ (ఫొటోలు నేరుగా పేజీ మీదే ప్రింటయ్యే పెళ్లి ఆల్బమ్) షీట్లు, రీల్స్, పెళ్లి టీజర్, ఆఖరికి మూడు గంటల పూర్తి పెళ్లి వీడియో కూడా అవుతుంది. కాకపోతే డెస్క్‌టాప్ మీద అలవాటైన పద్ధతిలోనే ఇక్కడా చేస్తానంటే కుదరదు. ల్యాప్‌టాప్ హ్యాంగ్ అవుతోందని వచ్చినవాళ్లలో చాలామంది దగ్గర కనిపించేది ఒకటే: పనికి అవసరమైనదానికి నాలుగింతల పెద్ద ఫైలు తెరిచి కూర్చుంటారు. ఫైలు సైజు తగ్గితే మిషన్ దానంతటదే తేరుకుంటుంది.

అసలు వద్దనుకోవాల్సిన పనులూ ఉన్నాయి. త్రీడీ టైటిళ్లు, ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో పొరల మీద పొరలు వేసే మోషన్ గ్రాఫిక్స్, రాత్రిపూట తీసిన ఫుటేజ్ మొత్తానికి నాయిస్ (చీకట్లో తీస్తే వచ్చే గరుకు చుక్కలు) తగ్గించడం. ఇవి రోజూ చేసే పనులైతే డెస్క్‌టాప్ కొనమన్నవాళ్ల మాట వినండి.

8 జీబీ ర్యామ్ సరిపోతుందా?

డిజైన్ ఒక్కటే అయితే నెట్టుకురావచ్చు. వీడియో కూడా ఉంటే 16 కంటే తక్కువ కొనొద్దు. అడోబీ తన వీడియో ఎడిటింగ్ ప్రోగ్రామ్ ప్రీమియర్ ప్రోకు కనీసం 8 అని రాసి, హెచ్‌డీ వీడియోకు 16, 4కె వీడియోకు 32 ఉంటే మంచిదని చెబుతుంది. కనీసం అని రాసింది ప్రోగ్రామ్ తెరుచుకోవడానికి సరిపోయేది. పక్కన క్రోమ్‌లో వాట్సాప్ వెబ్, యూట్యూబ్ పాట పెట్టుకుని పనిచేసుకోవడానికి కాదు.

అయితే ర్యామ్ ఎంతున్నా మింగేసేలా ఫైలు పెట్టుకోవడం మన చేతిలోనే ఉంది. 10 అడుగులకు 6 అడుగుల ఫ్లెక్స్ తీసుకోండి. అంటే 120 అంగుళాలకు 72 అంగుళాలు. 72 రిజల్యూషన్‌లో, అంటే అంగుళానికి 72 పిక్సెళ్ల (బొమ్మలోని చుక్కల) చొప్పున పెడితే 8,640కి 5,184 పిక్సెళ్లు వస్తాయి. సీఎంవైకే (ప్రింటింగ్‌కు వాడే నాలుగు రంగుల పద్ధతి) రంగుల్లో ఒక నిండు లేయరు (పొర) దాదాపు 180 ఎంబీ. అదే ఫ్లెక్స్‌ని ఎవరో చెప్పారని 300 రిజల్యూషన్‌లో పెట్టారనుకోండి. 36,000కి 21,600 పిక్సెళ్లు, ఒక్క లేయరే 3 జీబీ దాటుతుంది. నాయకుడి ఫొటో, పక్కన అభిమానుల ఫొటోలు, వెనక బ్యాక్‌గ్రౌండ్, మీద మెరుపులు కలిపితే 32 జీబీ ర్యామ్ ఉన్న మిషన్ కూడా చేతులెత్తేస్తుంది. పైగా ఫోటోషాప్ మామూలుగా దాచే పీఎస్‌డీ ఫైలుకు ఏ వైపైనా 30,000 పిక్సెళ్లే హద్దు కాబట్టి అది మామూలుగా సేవ్ కూడా కాదు, పెద్ద ఫైళ్లకు వాడే పీఎస్‌బీగా చేసుకోవాలి.

రోడ్డు మీద కట్టే ఫ్లెక్సుకు 72 చాలు. షాపు కౌంటర్ వెనక దగ్గర నుంచి కనిపించేదైతే 100 నుంచి 150 పెట్టండి. 300 అనేది చేతిలో పట్టుకుని చూసే కాగితానికి: శుభలేఖ, పాంప్లెట్, ఆల్బమ్ షీటు. 12కి 36 అంగుళాల ఆల్బమ్ షీటు 300లో, ఆర్‌జీబీ (స్క్రీన్ వాడే మూడు రంగుల పద్ధతి) రంగుల్లో పెట్టినా ఒక లేయరు సుమారు 117 ఎంబీయే. చిన్న ల్యాప్‌టాప్‌కు అది పెద్ద బరువేమీ కాదు.

కొన్నాక ర్యామ్ పెంచుకోవచ్చు కదా?

కొనేముందే అడగాల్సిన ప్రశ్న ఇది. పల్చటి ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి ర్యామ్‌ను మదర్‌బోర్డు మీదే అతికించేస్తారు. మ్యాక్‌బుక్ ఎయిర్ సంగతీ అంతే. కొన్న రోజు ఎంతుందో చివరి రోజూ అంతే. స్పెసిఫికేషన్లలో ఆన్‌బోర్డ్ అనో, ఎల్‌పీడీడీఆర్ అనో ఉంటే మళ్లీ పెంచడం కుదరదనే అనుకోండి. కొన్ని మోడళ్లలో కొంత బోర్డు మీద ఉండి, ఇంకో ర్యామ్ వేసుకోవడానికి ఒక ఖాళీ స్లాట్ ఇస్తారు. మన బడ్జెట్‌కు అలాంటిదే మంచిది.

స్లాట్ ఖాళీగా ఉంటే దాన్ని నింపడం వల్ల ఇంకో లాభం ఉంది. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని ల్యాప్‌టాప్‌లో గ్రాఫిక్స్ కూడా ఈ ర్యామ్‌నే వాడుకుంటుంది. ఒకటే ర్యామ్ స్టిక్ ఉంటే దారి సగమే తెరిచినట్టు. ఇంటెల్ 11వ, 12వ తరం ఐ5 ల్యాప్‌టాప్‌లలో ఒకే స్టిక్ ఉన్నప్పుడు డివైస్ మేనేజర్‌లో ఐరిస్ ఎక్స్‌ఈ అనే పేరు బదులు యూహెచ్‌డీ గ్రాఫిక్స్ అని చూపిస్తుంది. రెండోది వేయగానే పేరు మారుతుంది, టైమ్‌లైన్ (ఎడిటింగ్‌లో క్లిప్‌లు వరసగా పేర్చే పట్టీ) నడకా మారుతుంది. సికింద్రాబాద్ చెనోయ్ ట్రేడ్ సెంటర్ లాంటి కంప్యూటర్ షాపులున్న చోట మీ కళ్ల ముందే పది నిమిషాల్లో వేసిస్తారు. వారంటీ ఇంకా ఉంటే మాత్రం ముందు సర్వీస్ సెంటర్‌ను అడిగి వెళ్లండి.

గ్రాఫిక్స్ కార్డు లేకుండా వీడియో మిక్సింగ్ ఎలా?

కటింగ్‌కు, కలర్ కాస్త సరిచేయడానికి, టైటిళ్లకు గ్రాఫిక్స్ కార్డు కంటే ప్రాసెసర్‌లో ఉండే వీడియో ఇంజనే ముఖ్యం. ఇంటెల్‌లో దాన్ని క్విక్ సింక్ అంటారు, 2011 నుంచీ వస్తోంది. ఫోను, కెమెరా ఫైళ్లను విప్పడం, చివర్లో ఎక్స్‌పోర్ట్ చేయడం అదే చూసుకుంటుంది. మన ఊళ్ల పెళ్లి స్టూడియోల్లో ఎక్కువగా వాడే ఎడియస్ అనే ఎడిటింగ్ ప్రోగ్రామ్ కూడా దాన్ని బాగా వాడుకుంటుంది. అందుకే పాత కార్డున్న బరువైన మిషన్ కంటే కార్డు లేని కొత్త ల్యాప్‌టాప్ ఒక్కోసారి ఫోను ఫుటేజ్‌ను సాఫీగా ఆడిస్తుంది.

డావిన్సీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ ప్రోగ్రామ్ దగ్గర మాత్రం ఈ లెక్క పనిచేయదు. అది దాదాపు ప్రతి పనికీ గ్రాఫిక్స్ మీదే ఆధారపడుతుంది. 8 జీబీ ల్యాప్‌టాప్‌లో 4కె టైమ్‌లైన్ పెడితే జీపీయూ (గ్రాఫిక్స్ చిప్) మెమరీ నిండిపోయిందని మెసేజ్ ఇచ్చి కూర్చుంటుంది. టైమ్‌లైన్‌ను 1080కి దించి పనిచేసి, ఎక్స్‌పోర్ట్ అప్పుడు మాత్రమే పెంచండి.

4కె ఫుటేజ్ టైమ్‌లైన్‌లో స్ట్రక్ అవుతోంది. సినిమా అయితే వీఎల్‌సీలో బాగానే ఆడుతోంది కదా?

సినిమా ఒకటే వరసలో ముందుకు పోతుంది. ఎడిటింగ్‌లో మీరు ముందుకీ వెనక్కీ గుంజుతారు. హెచ్‌.264, హెచ్‌.265 (ఫోన్లు, కెమెరాలు వీడియోను కుదించి దాచే పద్ధతులు) ఫైళ్లలో ప్రతి ఫ్రేమూ పూర్తి బొమ్మగా ఉండదు. ఎక్కడో ఒక పూర్తి ఫ్రేమ్ ఉంటుంది, మిగతావాటిలో దాంతో పోలిస్తే ఏం మారిందో ఆ తేడా మాత్రమే రాసి ఉంటుంది. తలంబ్రాలు పడే ఆ ఒక్క క్షణం దగ్గర కట్ చేద్దామని ఆపితే, సాఫ్ట్‌వేర్ వెనక్కి వెళ్లి పూర్తి ఫ్రేమ్ వెతికి, అక్కడి నుంచి ఒక్కోటీ కట్టుకుంటూ రావాలి. రెండు కెమెరాలు, ఒక డ్రోన్ ఒకేసారి ఆడించారంటే ఆ పని మూడింతలు.

ఇంకోటి చూసుకోవాలి. కొత్త కెమెరాల్లో రంగుల వివరాలు ఎక్కువగా దాచే 10 బిట్ 4:2:2 అనే రికార్డింగ్ ఉంటుంది. కలర్‌కు చాలా బాగుంటుంది, కానీ ప్రతి ల్యాప్‌టాప్ వీడియో ఇంజనూ దాన్ని విప్పలేదు. ఆ రకం హెచ్‌.265 ఫైళ్లను ఇంటెల్ 11వ తరం నుంచి వచ్చిన ల్యాప్‌టాప్ చిప్‌లు, ఆపిల్ ఎం సిరీస్ చిప్‌లు నేరుగా విప్పుతాయి. అంతకంటే పాతదైతే భారమంతా ప్రాసెసర్ మీద పడి ఫ్యాన్ రోదపెడుతుంది. కెమెరామన్ వేరే మనిషైతే షూటింగ్‌కు ముందే ఒక ఫోన్ కొట్టి, ఏ సెట్టింగ్‌లో తీస్తున్నాడో కనుక్కోండి.

ప్రాక్సీ పెట్టుకోమంటున్నారు. అదేంటి, ఎలా చేయాలి?

చిన్న ల్యాప్‌టాప్ మీద వీడియో చేసేవాళ్లు నేర్చుకోవాల్సినది ఒక్కటే చెప్పమంటే ఇదే చెబుతాను. అసలు ఫుటేజ్‌కు ఒక చిన్న నకలు తయారుచేసి, ఎడిటింగ్ అంతా దాని మీద చేసి, ఎక్స్‌పోర్ట్ దగ్గర సాఫ్ట్‌వేర్ తిరిగి అసలు ఫైలునే తీసుకునేలా చేయడం. క్వాలిటీ పోతుందేమోనని టెన్షన్ పడతారు. చివరి వీడియో అసలు ఫైలు నుంచే తయారవుతుంది కాబట్టి రవ్వంత కూడా పోదు.

లెక్క చూడండి. 4కెలో సెకనుకు 100 మెగాబిట్ల చొప్పున రికార్డయితే గంటకు 45 జీబీ. మూడు కెమెరాలూ కలిపి ఆరు గంటల ఫుటేజ్ అంటే 270 జీబీ. ప్రోరెస్ ప్రాక్సీ అనే వీడియో ఫార్మాట్‌లో 1280కి 720 సైజులో నకలు చేస్తే గంటకు దాదాపు 7 జీబీ, మొత్తం 42 జీబీ. ల్యాప్‌టాప్‌లోనే పట్టేస్తుంది. పైగా ప్రోరెస్‌లో ప్రతి ఫ్రేమూ పూర్తి బొమ్మే కాబట్టి గుంజుతుంటే వెంటనే కదులుతుంది.

ప్రీమియర్‌లో క్లిప్‌లన్నీ సెలెక్ట్ చేసి రైట్ క్లిక్ చేస్తే ప్రాక్సీ మెనూలో క్రియేట్ ప్రాక్సీస్ ఉంటుంది. రాత్రి పడుకునేముందు పెట్టి, పొద్దున్నే లేచి చూసుకోండి. ల్యాప్‌టాప్ స్లీప్‌లోకి పోకుండా సెట్టింగ్ మార్చడం మరిచిపోవద్దు. ప్రోగ్రామ్ మానిటర్ కింద ప్రాక్సీ ఆన్ ఆఫ్ చేసే బటన్ ఒకటుంది, మొదట్లో కనపడదు. ప్లస్ గుర్తు నొక్కి కిందికి లాక్కోవాలి. అది నీలంగా ఉంటే నకలు ఆడుతోందన్నమాట. రిజాల్వ్‌లో, కెడెన్‌లైవ్‌లో, షాట్‌కట్‌లో కూడా ప్రాక్సీ ఉంది, ఆ రెండోదీ మూడోదీ పూర్తిగా ఉచితం.

ప్రాక్సీలు చేశాక అసలు ఫైళ్ల పేర్లు మార్చొద్దు. పేర్లన్నీ ముందే పెట్టుకోండి: ముహూర్తం, రిసెప్షన్, డ్రోన్ అని ఫోల్డర్లు వేసి, ఆ తర్వాతే ప్రాక్సీ.

ప్రాక్సీకి టైమ్ లేదు, రేపటికే టీజర్ ఇవ్వాలి.

ప్లేబ్యాక్ రిజల్యూషన్‌ను సగానికో పావుకో దించండి. స్క్రీన్ మీద మసకగా కనిపిస్తుంది అంతే, ఎక్స్‌పోర్ట్‌కు సంబంధం లేదు. ఎఫెక్టులన్నీ చివర్లో వేసుకోండి. స్లో మోషన్ బిట్లను మాత్రం ఒకసారి రెండర్ చేసి చూడండి.

ఫోన్‌లో తీసిన ఇంటర్వ్యూలో పెదాలకీ మాటకీ పొంతన లేదు. మొదట్లో బాగానే ఉంది, చివరికి తేడా వస్తోంది.

ఫోన్లు వెలుతురును బట్టి, వేడిని బట్టి ఫ్రేమ్ రేటును పెంచుతూ తగ్గిస్తూ ఉంటాయి. 30 అని పెట్టినా ఒకచోట 29, ఇంకోచోట 30 ఉంటుంది. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ అంతా ఒకటే అనుకుని పరుస్తుంది, ఆడియో జారుతుంది. హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత ప్రోగ్రామ్‌లో వీడియో ట్యాబ్ కింద కాన్‌స్టంట్ ఫ్రేమ్ రేట్ అని పెట్టి ఒకసారి మార్చుకుని, ఆ ఫైలును టైమ్‌లైన్‌లో వేసుకోండి. ముందే జాగ్రత్తపడాలంటే ఆడియోను కాలర్ మైక్‌తో విడిగా రికార్డ్ చేసుకుని, అప్పుడప్పుడు కట్ చెప్పి చిన్న చిన్న క్లిప్‌లుగా తీయండి.

స్క్రీన్ మీద ప్యానెళ్లకే చోటు చాలట్లేదు. బొమ్మ అగ్గిపెట్టంత కనిపిస్తోంది.

మొదట విండోస్ స్కేలింగ్ ఎంతుందో చూడండి. 14 అంగుళాల ఫుల్ హెచ్‌డీ స్క్రీన్‌లకు చాలాసార్లు 150 శాతం ఉంటుంది. అంటే 1920కి 1080 ఉన్న స్క్రీన్ కాస్తా పనికి 1280కి 720 అయిపోతుంది. ఫోటోషాప్ కనీసం అడిగేదే 1280కి 800! లేయర్స్ ప్యానెల్ కింది బటన్లు స్క్రీన్ దాటిపోవడం అందుకే. 125కి దించితే 1536కి 864 వస్తుంది, ఊపిరి ఆడుతుంది. కళ్లు లాగితే రాత్రిపూట మళ్లీ పెంచుకోండి.

కొనేటప్పుడు 16:10 స్క్రీన్ ఉన్నది దొరికితే వదలొద్దు. 1920కి 1200 అంటే నిలువులో 120 పిక్సెళ్లు ఎక్కువ. టైమ్‌లైన్‌లో అవి రెండు మూడు ట్రాకులు. 1366కి 768 స్క్రీన్ ఉన్న ల్యాప్‌టాప్ ఎంత చౌకగా వచ్చినా డిజైన్‌కు పనికిరాదు.

ఫోటోషాప్‌లో ట్యాబ్ కీ కొడితే ప్యానెళ్లన్నీ మాయమై మళ్లీ కొడితే వస్తాయి. ప్రీమియర్‌లో ఏ ప్యానెల్ మీద మౌస్ పెట్టి ` గుర్తున్న కీ, అంటే ఒకటి అంకెకు ఎడమ పక్కన ఉండేది కొడితే, ఆ ప్యానెల్ స్క్రీనంతా పరుచుకుంటుంది. ఈ రెండూ వేళ్లకు అలవాటైతే సగం చిరాకు పోతుంది.

మిగతా సగం 24 అంగుళాల ఐపీఎస్ (పక్క నుంచి చూసినా రంగు పెద్దగా మారని) మానిటర్‌తో పోతుంది. షాపులో ఆ మానిటర్ టేబుల్ మీదే ఉంటుంది, సాయంత్రం ల్యాప్‌టాప్ బ్యాగులో వేసుకుని ఇంటికి పోతారు. బడ్జెట్ ఉంటే ప్రాసెసర్‌ను ఐ5 నుంచి ఐ7కి పెంచే బదులు ఆ డబ్బు ఇక్కడ పెట్టమంటాను.

ల్యాప్‌టాప్‌లో బంగారు రంగు, ప్రింట్ అయ్యాక పసుపు. తప్పు ఎక్కడ?

ఎక్కువసార్లు స్క్రీన్‌లో. స్పెసిఫికేషన్లలో 45 శాతం ఎన్‌టీఎస్‌సీ (స్క్రీన్ ఎన్ని రంగులు చూపగలదో చెప్పే కొలత) అని ఉందంటే అది మామూలు ఎస్‌ఆర్‌జీబీ (స్క్రీన్లకు సాధారణంగా వాడే రంగుల పరిధి) రంగుల్లో సుమారు మూడింట రెండు వంతులే చూపించగలదు. మెరూన్ పట్టుచీర గోధుమరంగులా కనిపిస్తుంది, మీరు ఎరుపు పెంచుతారు, ల్యాబ్ నుంచి వచ్చిన ఆల్బమ్‌లో పెళ్లికూతురి ముఖం కూడా ఎర్రబడి ఉంటుంది. 72 శాతం ఎన్‌టీఎస్‌సీ అనో, 100 శాతం ఎస్‌ఆర్‌జీబీ అనో ఉన్నది కొనండి.

ఉన్న ల్యాప్‌టాప్‌తోనే పని కావాలంటే నైట్ లైట్ ఆఫ్ చేయండి, బ్రైట్‌నెస్ ఒకే దగ్గర స్థిరంగా పెట్టండి, కళ్లతో కాకుండా అంకెలతో చూడండి. ఒక్కసారి ల్యాబ్‌లో నమూనా షీటు ప్రింట్ తీయించి, దాని మీద ఏ రంగుకు ఏ సీఎంవైకే అంకెలో పెన్నుతో రాసి గోడకు అంటించుకున్నవాళ్లకు ఖరీదైన స్క్రీన్ లేకపోయినా రంగులు కుదురుతాయి. ఫ్లెక్సుకు ఒక షీటు, ఆల్బమ్‌కు ఒక షీటు, వేర్వేరుగా.

ఫోటోషాప్‌లో తెలుగు ఒత్తులు విడిపోతున్నాయి.

జన్మదిన శుభాకాంక్షలు అని టైప్ చేస్తే కకు పొల్లు పడి ష పక్కకు పోతుంది, అదే కదా? ఫాంటు తప్పు కాదు. ప్రిఫరెన్సెస్‌లో టైప్ అనే పేజీకి వెళ్లి, టెక్స్ట్ ఇంజన్ అనేది మీ వెర్షన్‌లో ఉంటే దాన్ని వరల్డ్-రెడీ లేఅవుట్‌కు మార్చండి. కాస్త పాత వెర్షన్లలో అక్కడే మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్ అని ఉంటుంది. తర్వాత ప్రోగ్రామ్ మూసి తెరిచి, ముందే టైప్ చేసిన లేయర్లుంటే పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో కూడా వరల్డ్-రెడీ ఎంచుకోండి. ఇలస్ట్రేటర్‌లో టైప్ ప్రిఫరెన్సెస్‌లో ఇండిక్ ఆప్షన్స్ అనే టిక్కు ఉంటుంది. ప్రీమియర్‌లో గ్రాఫిక్స్ ప్రిఫరెన్సెస్‌లో సౌత్ ఏషియన్ అని ఉన్నది పెట్టండి.

2002 నాటి ఫోటోషాప్ 7 ఇప్పటికీ వాడేవాళ్లున్నారు, తేలిగ్గా ఉంటుందని. దానిలో యూనికోడ్ తెలుగు (ఫోన్లలో, వెబ్‌సైట్లలో కనిపించే తెలుగు) కుదరదు, అను ఫాంట్లే గతి. అను ఫాంట్లలో ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు కూర్చి ఉంటాయి కాబట్టి ఎంత పాత సాఫ్ట్‌వేర్‌లోనైనా ఒత్తు చెదరదు. అను స్క్రిప్ట్ మేనేజర్ విండోస్ ప్రోగ్రామ్. మ్యాక్‌బుక్ కొనాలనుకునే డీటీపీ (కంప్యూటర్‌లో పేజీలు కూర్చే) వాళ్లు ఈ ఒక్క విషయం ముందే ఆలోచించుకోవాలి. కస్టమర్ వాట్సాప్‌లో పంపిన మ్యాటర్ యూనికోడ్‌లో ఉంటుంది, దాన్ని అనులోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి కానీ మార్చాక ఒకసారి ప్రూఫ్ చదవకుండా ప్రింట్‌కు పంపొద్దు. పెళ్లికొడుకు పేరులో వట్రసుడి ఎగిరిపోతే శుభలేఖలన్నీ మీ ఖర్చుతో మళ్లీ కొట్టాలి.

యూనికోడ్‌లో మంచి ఫాంట్లు లేవనే మాట ఇప్పుడు నిలవదు. మండలి, రామభద్ర, ధూర్జటి, సురవరం, పొన్నాల, తిమ్మన, పెద్దన లాంటివి సిలికానాంధ్ర విడుదల చేసినవి, గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. హెడ్డింగులకు బలూ తమ్ముడు, అనేక్ తెలుగు బాగుంటాయి.

ఏ వీడియో సాఫ్ట్‌వేర్‌లో తెలుగు సరిగా రాకపోయినా ఒక అడ్డదారి ఎప్పుడూ ఉంది. టైటిల్‌ను ఇంక్‌స్కేప్‌లోనో ఫోటోషాప్‌లోనో చేసి, బ్యాక్‌గ్రౌండ్ లేని పీఎన్‌జీగా తెచ్చి టైమ్‌లైన్ మీద పెట్టేయండి.

256 జీబీ ఎస్‌ఎస్‌డీ చాలా?

విండోస్, సాఫ్ట్‌వేర్లు, ప్రీమియర్ తన మీడియా క్యాషే, ఫోటోషాప్ తన స్క్రాచ్ డిస్క్ (రెండూ పని మధ్యలో తాత్కాలికంగా రాసుకునే ఫైళ్లు) అన్నీ ఆ సీ డ్రైవ్ మీదే పడతాయి. నిండిపోయిన రోజు స్క్రాచ్ డిస్క్స్ ఆర్ ఫుల్ అని ఫైలు సేవ్ అవ్వదు. 512 తీసుకోండి. ఉన్నది 256 అయితే ఒక ఎక్స్‌టర్నల్ ఎస్‌ఎస్‌డీ కొని, క్యాషేనూ ఫుటేజ్‌నూ దానికి మళ్లించండి. ప్రీమియర్ ప్రిఫరెన్సెస్‌లో మీడియా క్యాషే పేజీలో పాతవి దానంతటదే తుడిచేసే ఏర్పాటు ఉంది, అది ఆన్ చేయండి.

ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ మీద నేరుగా ఎడిటింగ్ వద్దు. తిరిగే డిస్క్ సెకనుకు 100 నుంచి 150 ఎంబీ ఇస్తుంది. మూడు కెమెరాల ఫైళ్లు ఒకేసారి అడిగితే ముల్లు అటూ ఇటూ పరుగెత్తి అంతకూడా ఇవ్వలేదు. పని అయిపోయిన పెళ్లిళ్లు దాచుకోవడానికి మాత్రం దానంత చవకైనది లేదు. ఆల్బమ్ చేతికిచ్చి, డబ్బులు మొత్తం ముట్టేదాకా రెండు చోట్ల కాపీ ఉంచండి.

పెన్‌డ్రైవ్‌లో పెద్ద వీడియో పట్టట్లేదంటే అది ఎఫ్‌ఏటీ32లో ఉంది, 4 జీబీ దాటిన ఫైలు తీసుకోదు. ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేస్తే విండోస్‌లోనూ మ్యాక్‌లోనూ పనిచేస్తుంది. పాత టీవీల్లో ఆడకపోవచ్చు, కస్టమర్‌కు ఇచ్చేముందు అడగండి.

ఎండాకాలంలో ఎక్స్‌పోర్ట్ సగంలో ఆగిపోతోంది.

మనకు ఇదొక తిరకాసు. వైశాఖం, జ్యేష్ఠం ముహూర్తాలూ 45 డిగ్రీల ఎండలూ ఒకేసారి వస్తాయి. రామగుండంలోనో రెంటచింతలలోనో మధ్యాహ్నం రేకుల షెడ్డు స్టూడియోలో కూర్చుని పల్చటి ల్యాప్‌టాప్ మీద రెండు గంటల వీడియో ఎక్స్‌పోర్ట్ పెడితే, చిప్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. ఇరవై నిమిషాల పని గంట పడుతుంది, కొన్ని మిషన్లు ఆరిపోతాయి.

ఎక్స్‌పోర్ట్‌లు తెల్లవారుజామున పెట్టుకోండి. ల్యాప్‌టాప్ వెనక భాగం రెండు పుస్తకాల మీద ఎత్తి, కింద గాలి ఆడనివ్వండి. పరుపు మీద, దిండు మీద పెట్టొద్దు. అడుగున జాలీలో దుమ్ము పేరుకుంటుంది, ఏడాదికోసారి ఫ్యాన్ శుభ్రం చేయించండి. మ్యాక్‌బుక్ ఎయిర్‌లో ఫ్యానే ఉండదు. రీల్స్‌కు, టీజర్లకు అది నిశ్శబ్దంగా బ్రహ్మాండంగా పనిచేస్తుంది, పూర్తి పెళ్లి వీడియో ఎక్స్‌పోర్ట్‌లో నెమ్మదిస్తుంది.

పెద్ద వీడియోను ఒకటే టైమ్‌లైన్‌గా ఎక్స్‌పోర్ట్ చేయకుండా స్నాతకం, ముహూర్తం, అప్పగింతలు అని విడివిడిగా చేసి చివర్లో కలపడం మంచి అలవాటు. ఒకటి ఆగిపోయినా మిగతావి చేతిలో ఉంటాయి.

కరెంటు పోతే?

ల్యాప్‌టాప్‌కు యూపీఎస్ అక్కర్లేదు, బ్యాటరీ ఉంది. కానీ బ్యాటరీ మీద చాలా విండోస్ ల్యాప్‌టాప్‌లు వేగం తగ్గించుకుంటాయి, అందుకని కరెంటు లేనప్పుడు టైపింగ్, సెలెక్షన్ లాంటి పనులు చూసుకోండి. రోజంతా చార్జర్ పెట్టే వాడేవాళ్లు చార్జింగ్‌ను 80 శాతం దగ్గర ఆపే సెట్టింగ్ ఆన్ చేసుకుంటే బ్యాటరీ ఎక్కువ కాలం వస్తుంది.

డబ్బు పెట్టకుండా ఏ సాఫ్ట్‌వేర్లు వాడొచ్చు?

ఫొటోలకు జింప్, లోగోలకూ శుభలేఖలకూ ఇంక్‌స్కేప్, వీడియోకు కెడెన్‌లైవ్ లేదా షాట్‌కట్. మిషన్ కాస్త గట్టిదైతే రిజాల్వ్ ఉచిత వెర్షన్, అందులో 4కె అల్ట్రా హెచ్‌డీ, 60 ఫ్రేమ్‌ల వరకు ఎక్స్‌పోర్ట్ వస్తుంది, వాటర్‌మార్క్ పడదు. డబ్బు కట్టి కొనే స్టూడియో వెర్షన్‌లో మాత్రమే ఉన్న ఎఫెక్ట్ వేస్తే తప్ప. ఇంక్‌స్కేప్‌లో, జింప్‌లో తెలుగు ఒత్తులు ఏ సెట్టింగూ మార్చకుండానే సరిగా వస్తాయి. ప్రెస్‌ వాళ్లు కోరల్‌డ్రా ఫైలే అడుగుతారు కదా అంటే, అక్షరాలను కర్వ్‌లుగా మార్చి పీడీఎఫ్ ఇస్తే ఎక్కువమంది తీసుకుంటారు.

క్రాక్ చేసినవి వద్దు. నీతులు చెప్పడానికి కాదు, ఆ ఫైళ్లతో వచ్చే వైరస్ ఒక్కరోజులో హార్డ్ డిస్క్‌లో ఉన్న పెళ్లిళ్లన్నిటికీ తాళం వేసేస్తే ఆ తల్లిదండ్రులకు సమాధానం చెప్పలేరు.

మ్యాక్‌బుక్ ఎయిరా, విండోసా?

వీడియో ఎక్కువ, తెలుగు టైపింగ్ యూనికోడ్‌లోనే అయితే ఎయిర్. 2024 అక్టోబరు నుంచి కొత్తవన్నీ 16 జీబీతోనే మొదలవుతున్నాయి. పాత 8 జీబీ మోడల్ తక్కువకు వస్తోందని ఆశపడొద్దు. అను, ఎడియస్, కోరల్‌డ్రా పాత ఫైళ్లతో నడిచే షాపైతే విండోస్.

సెకండ్ హ్యాండ్ తీసుకోవచ్చా?

ఆఫీసుల నుంచి వచ్చే థింక్‌ప్యాడ్, ల్యాటిట్యూడ్, ఎలైట్‌బుక్ రకాలు గట్టివి, చాలావాటిలో ర్యామ్, ఎస్‌ఎస్‌డీ మార్చుకోవచ్చు. ఇంటెల్ 8వ తరం కంటే పాతది వద్దు. విండోస్ 11కు అధికారికంగా అక్కడి నుంచే అర్హత, విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబరు 14తో ముగిసింది. వీడియో ముఖ్యమైతే 11వ తరం చూడండి.

షాపులో డెస్క్‌టాప్ వాల్‌పేపర్ చూసి మురిసిపోకుండా మీ పెన్‌డ్రైవ్‌లో మీ ఫుటేజ్ తీసుకెళ్లి ఆడించండి. తెల్లటి పేజీ తెరిచి స్క్రీన్ మూలల్లో పసుపు మచ్చలున్నాయేమో చూడండి. ల్యాప్‌టాప్‌ను టేబుల్ మీద పెట్టి మూలలు నొక్కండి, ఊగుతున్నా, టచ్‌ప్యాడ్ క్లిక్ గట్టిగా ఉన్నా లోపల బ్యాటరీ ఉబ్బి ఉండొచ్చు. హెచ్‌డీఎంఐ పోర్టుకు షాపులో ఉన్న మానిటర్ ఒకటి తగిలించి చూడమనండి. మనవాళ్లు ఇది అడగడానికి మొహమాటపడతారు, ఇంటికెళ్లాక పోర్టు పనిచేయదు.

టచ్‌ప్యాడ్‌తో డిజైన్ చేయొచ్చా?

ప్రయాణంలో కరెక్షన్లు చేయడానికి సరే. రోజువారీ పనికి ఒక మంచి మౌస్ కొనండి. ఆల్బమ్‌లో జుట్టు కటింగ్, ముఖం రీటచింగ్ ఎక్కువగా చేసేవాళ్లు చిన్న పెన్ టాబ్లెట్ తీసుకుంటే మణికట్టు నొప్పి తగ్గుతుంది. 6కి 4 అంగుళాల సైజు చాలు, 14 అంగుళాల స్క్రీన్‌కు అంతకంటే పెద్దది టేబుల్ మీద చోటు తినేస్తుంది.